మాషిస్సొయో ఒక్కటే చాలదు

ఈసారి మీరు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. కొరియా వాళ్ళింట్లోనో, అక్కడి హోటల్లోనో తిన్నాక ఏమనాలి, ఎలా అంటే మర్యాదగా ఉంటుంది అని. అందుకే వీసాలు, కోర్సుల ప్రశ్నలన్నీ వచ్చే నెలకి పక్కనపెట్టి తిండి ప్రశ్నలే తీసుకున్నాను. కొరియన్ మాటల్ని తెలుగు లిపిలో వీలైనంత దగ్గరగా రాశాను. పలకడం గురించి అడిగినవాళ్ళకి విడిగా జవాబు ఉంది, చూడండి.

*

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో పని చేస్తున్నాను. మా కొరియన్ మేనేజర్ గారు నన్నూ ఇంకో ఇద్దరినీ శనివారం రాత్రి ఇంటికి భోజనానికి పిలిచారు. ఆయన భార్యే స్వయంగా వండుతారట. కొరియన్ డ్రామా సీరియళ్ళు చూసి నాకు ‘మాషిస్సొ’, ‘తేబాక్’ లాంటివి వచ్చాయి. అవి అంటే సరిపోతుందా మేడమ్? ఏం మాట్లాడితే ఏమవుతుందో అని ఒకటే టెన్షన్. - ఓ పాఠకుడు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: ఆ రెండూ మాత్రం అక్కడ వాడకండి. ‘మాషిస్సొ’ చివర ‘యో’ లేదు చూశారా, ఆ యో లేకపోతే మీరు మేనేజర్ గారి భార్యతో ‘బాగుందోయ్’ అన్నట్టు ఉంటుంది. తేబాక్ అనేది ‘అదిరింది’ అన్నట్టు కుర్రాళ్ళు వాళ్ళలో వాళ్ళు అనుకునే మాట. డ్రామాల్లో ఎక్కువగా మాట్లాడుకునేది స్నేహితులు, ప్రేమికులు, తల్లీపిల్లలు, కాబట్టి మన చెవిన ఎక్కువగా పడేది కూడా ఆ చనువు భాషే. దాన్ని పట్టుకెళ్ళి పెద్దవాళ్ళ ముందు పెడితేనే చిక్కు. మీరు విదేశీయులు కాబట్టి నవ్వి ఊరుకుంటారు, కోపగించుకోరు, కానీ యో పెట్టి మాట్లాడితే వాళ్ళ మొహం ఎలా విప్పారుతుందో ఒకసారి చూస్తే మీకే తేడా తెలుస్తుంది.

మీరు నేర్చుకోవాల్సినవి ముందు రెండే వాక్యాలు. తినబోయే ముందు ‘చల్ మొక్కెస్సుమ్‌నిదా’, తిన్నాక ‘చల్ మొగొస్సుమ్‌నిదా’. మొదటిదానికి బాగా తింటానండీ అని, రెండోదానికి బాగా తిన్నానండీ అని అర్థం. రుచి మాటే ఎత్తవు ఇవి. అయినా కొరియాలో వండినవాళ్ళకి చెప్పే ధన్యవాదం ఇదే, వడ్డించినవాళ్ళకి చెప్పేదీ ఇదే, డబ్బులు కట్టినవాళ్ళకి చెప్పేదీ ఇదే. నన్నడిగితే ‘రుచిగా ఉంది’ అని పది రకాలుగా అనడం వచ్చి ఇవి రాకపోవడం కంటే, ఇవి రెండే వచ్చి ఇంకేమీ రాకపోవడం నయం. అక్కడి చిన్నపిల్లలకి కూడా అన్నం ముందు కూర్చోగానే మొదట అలవాటు చేసేది ఇదే.

ఇక వరుస చెబుతాను. చేతులు ఊపుకుంటూ వెళ్ళకండి, పళ్ళో కేకో పట్టుకెళ్ళండి, ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వండి. మేనేజర్ గారి భార్యని పేరు పెట్టి పిలవరు, ‘సామోనిమ్’ అంటారు, పై అధికారి భార్యని పిలిచే మాట అది. బల్ల ముందు కూర్చున్నాక ఆమె ‘ఛారిన్ గొన్ ఒప్చిమాన్ మాని దుసెయో’ అనవచ్చు. పెద్దగా ఏమీ చేయలేదు గానీ కడుపునిండా తినండి అని. ఎదురుగా పదిహేను గిన్నెలున్నా ఇదే అంటారు, మన అత్తయ్యలు ‘ఏముంది, ఏదో పప్పూ కూరా’ అన్నట్టే. అప్పుడు తలూపి ఊరుకోకండి, ఊరుకుంటే నిజమే అని ఒప్పుకున్నట్టు ఉంటుంది. కొంచెం తల వంచి ‘చల్ మొక్కెస్సుమ్‌నిదా’ అనండి. ఆ తర్వాత కూడా మేనేజర్ గారు చెంచా ఎత్తేదాకా ఆగండి, పెద్దవాళ్ళు మొదలుపెట్టాకే మిగతావాళ్ళు. అన్నానికీ సూప్‌కీ చెంచా, మిగతా పదార్థాలకి చాప్‌స్టిక్స్. అన్నం గిన్నెని చేత్తో పైకెత్తి తినకూడదు. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చి అసలు వదలకండి, అది చనిపోయిన పెద్దలకి పెట్టే తద్దినం అన్నాన్ని గుర్తుకు తెస్తుంది. స్టీలు చాప్‌స్టిక్స్ జారతాయి, రాకపోతే ఫోర్కు అడగండి, అందులో తప్పేం లేదు.

తినేటప్పుడు మెచ్చుకోవాలంటే ‘మాషిస్సొయో’ చక్కగా సరిపోతుంది. ‘మాషిస్సుమ్‌నిదా’ అని ఇంకాస్త బిగుసుకున్న మాట ఉంది, అది మీటింగులకీ, టీవీలో మాట్లాడేవాళ్ళకీ బాగుంటుంది, ఇంట్లో భోజనం దగ్గర యో మాటే హాయిగా ఉంటుంది. అన్నిటికంటే సహజంగా వినపడేది ‘మాషిన్నెయో’. నోట్లో పెట్టుకున్నాక అప్పుడే తెలిసినట్టు వచ్చే మాట అది, ‘అబ్బ, బాగుందండీ’ అన్నట్టు. మొదటి ముద్ద తర్వాత అది, కాసేపయ్యాక మామూలు మాషిస్సొయో. ముందు ‘చొంగ్‌మాల్’ అని చేరిస్తే ‘నిజంగా’ అని. ఒకటి రెండుసార్లు చాలు, ప్రతి ముద్దకీ అంటే ఇబ్బందిగా ఉంటుంది.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. ఏదో ఒక గిన్నె చూపించి ‘ఇగొన్ మాషిన్నెయో’ అంటారు కొత్తగా నేర్చుకున్నవాళ్ళు. వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, కానీ ‘ఇగొన్’ చివరున్న ఆ ‘న్’ మన ‘అయితే’ లాంటిది. ‘పప్పైతే బాగుంది’ అని మీ ఇంట్లో అని చూడండి, ‘అంటే మిగతావి బాగాలేవా?’ అని ఠక్కున వస్తుంది. అక్కడా అంతే. దాని బదులు ‘దో’ వాడండి, మన ‘కూడా’. ‘కిమ్‌చిదో మాషిన్నెయో’ అంటే కిమ్‌చి, అదే వాళ్ళ కూరగాయల ఊరగాయ, కూడా బాగుందండీ అని. ఒక్క అక్షరంతో మిగతా వంటలన్నిటినీ కలిపి మెచ్చుకున్నట్టవుతుంది.

వంట చేసిన మనిషిని మెచ్చుకోవాలంటే ‘ఉమ్‌షిక్ సోమ్సీగా చోఉషినెయో’. మీ చేతి వంట చాలా బాగుందండీ అని. మధ్యలో వచ్చిన ఆ ‘షి’ గౌరవం కోసం, మింగేయకండి. దానికి ఆమె ‘అయ్యో లేదులేండి’ అనే అంటారు, అది మొహమాటమే, మళ్ళీ వాదించక్కర్లేదు.

అసలు మెప్పు మాత్రం నోటితో కాదు, గిన్నెతో తెలుస్తుంది. ఒక పదార్థం ఖాళీ అయ్యాక ‘ఇగొ తొ ఇస్సొయో?’, అంటే ‘ఇది ఇంకా ఉందా అండీ?’ అని అడిగారనుకోండి, ఆ మాటకి ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళే వేగం చూడండి. ఇంకో మంచి మాట ‘ఒత్తొఖె మాందుషొస్సొయో?’, ఎలా చేశారండీ అని. జవాబు సగమే అర్థమైనా ఫరవాలేదు, మేనేజర్ గారు ఇంగ్లీషులో అందుకుంటారు, మీ ఐదు నిమిషాల మౌనం కూడా పోతుంది. ఇక చాలనుకుంటే ‘పెబుల్లొయో’, కడుపు నిండిందండీ. ఒకసారి చెబితే ఆగరు, రెండోసారి కూడా నవ్వుతూ చెప్పాలి, ఇది మనకి కొత్తేం కాదు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఇంకోసారి ‘చల్ మొగొస్సుమ్‌నిదా’, ఇద్దరికీ.

*

ప్రశ్న: ఒక చోట మసిస్సోయో అని, ఇంకో చోట మాసిట్సెయో అని, మీరేమో మాషిస్సొయో అని రాస్తున్నారు. ఏది కరెక్ట్? - డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఏదీ పూర్తిగా కాదమ్మా. కొరియన్‌లో స తర్వాత ఇ వస్తే అది ష వైపు జరుగుతుంది, అందుకే షి అని రాశాను. నేను ‘ఒ’ రాసిన చోట వాళ్ళ అచ్చు మన అ కీ ఒ కీ నడుమ ఉంటుంది, పెదాలు గుండ్రంగా చుట్టకుండా ఒ అనడానికి ప్రయత్నించు. ‘సుమ్‌నిదా’లో ఉకారం కూడా అంతే, పెదాలు నవ్వుతున్నట్టు పక్కకి లాగి ఉ అనాలి. తెలుగు అక్షరాలతో కుస్తీ పట్టే బదులు హంగుల్ నేర్చేసుకో. అసలు అక్షరాలు 24, హల్లులు 14, అచ్చులు 10. 1446లో సేజోంగ్ రాజు మామూలు జనం కూడా చదువుకోవాలని ప్రకటించిన లిపి అది, మన గుణింతం వచ్చినవాళ్ళకి హల్లూ అచ్చూ కలిపి ఒక గడిలో రాయడం అసలు కష్టం అనిపించదు. వారం పది రోజులు కూర్చుంటే చదవడం వచ్చేస్తుంది, ఆ తర్వాత నా రాతలు నీకు అక్కర్లేదు.

*

ప్రశ్న: నేను సియోల్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. మా ల్యాబ్ ప్రొఫెసర్ గారు పొగలు కక్కుతున్న సూప్ తాగి ‘ఆ... షివొన్‌హాదా’ అన్నారు. డిక్షనరీలో చూస్తే చల్లగా ఉంది అని ఉంది. ఆయన వెటకారం చేశారా? నేను కూడా అలా అనొచ్చా? - ఓ విద్యార్థి

జవాబు: వెటకారం కాదు నాయనా, మనస్ఫూర్తిగా అన్నారు. షివొన్ అంటే చల్లగాలి తగిలినట్టు హాయిగా ఉండటం. గొంతులోంచి కడుపులోకి దిగుతూ లోపలున్న బరువంతా దులిపేసినట్టు అనిపించే వేడి సూప్‌కి కూడా వాళ్ళు అదే మాట వాడతారు. వేడినీళ్ళ తొట్టిలో దిగినా, వీపు మీద గట్టిగా మర్దనా చేయించుకున్నా ఆ మాటే. మనం జలుబు చేసినప్పుడు మిరియాల చారు తాగి ‘హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది’ అంటామే, దాదాపు ఆ హాయి.

నువ్వు కూడా అనొచ్చు, కానీ ఆయనలాగా కాదు. ఆయన అన్నది తనలో తాను అనుకున్న మాట, అందుకే చివర యో లేదు. నువ్వు ‘కుంగ్‌మురి షివొన్‌హానెయో’ అను, సూప్ హాయిగా ఉందండీ అని. మొలకెత్తిన సోయా గింజలతో కాచే కోంగ్‌నాముల్ సూప్‌కీ, ముల్లంగి వేసిన చేపల పులుసు లాంటివాటికీ ఈ మాట అతికినట్టు సరిపోతుంది. చిక్కటి, నూనె తేలే వాటికి అనరు.

నేను సియోల్‌లో ఉన్నప్పుడు సంత పక్కన ఒక చిన్న హోటల్‌కి వెళ్ళేదాన్ని. పెద్దావిడ ఒక్కతే నడిపేది, మెనూ అంతా గోడ మీద చేత్తో రాసి ఉండేది. చలికాలం ఒక పొద్దున కోంగ్‌నాముల్ సూప్ రెండు చెంచాలు తాగి ఈ మాట అన్నాను. అప్పటిదాకా నేనెన్ని మాషిస్సొయోలు చెప్పినా ‘ఊఁ ఊఁ’ అని గిన్నెలు తోముకునే ఆవిడ చటుక్కున తిరిగి చూసింది. చెయ్యి తుడుచుకుని వచ్చి, నా గిన్నెలో ఇంకో గరిటె పోసి, ఎర్ర కారం డబ్బా దగ్గరికి జరిపి, ఇది వేసుకుంటే ఇంకా షివొన్ అంది. తన వంటలో అసలు ఏది బాగుందో పట్టుకుని చెప్పారని వండినవాళ్ళకి తెలుస్తుంది, అందుకే ఇలాంటి మాటలు రెండు మూడు దగ్గర పెట్టుకోమంటాను. నువ్వుల నూనె, వేయించిన నువ్వులు తగిలి కమ్మగా ఉంటే ‘కోసోహానెయో’. జిడ్డు లేకుండా తేలిగ్గా ఉంటే ‘తాంబెఖానెయో’. కారం ఘాటు సూప్‌లో బాగా కుదిరితే ‘ఒల్ఖున్‌హానెయో’.

కారం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ‘అన్ మెవొయో?’, కారంగా లేదా అని నిన్ను ప్రతివాళ్ళూ అడుగుతారు. మనవాళ్ళు గుంటూరు మిరప పౌరుషం చూపిస్తూ ‘ఇది కారమా!’ అనేస్తుంటారు. ప్రేమగా వండినవాళ్ళకి అది చప్పిడి అన్నట్టు వినిపిస్తుంది. ‘కెంఛానాయో, మాషిస్సొయో’ అను, ఫరవాలేదండీ, రుచిగా ఉంది అని, అక్కడితో ఆపెయ్.

*

ప్రశ్న: మా అబ్బాయి సియోల్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడి అమ్మాయిని ఇష్టపడ్డాడు. మేమూ ఒప్పుకున్నాం. వచ్చే నెల వెళ్తున్నాం, అమ్మాయి తల్లిదండ్రులు ఇంటికి భోజనానికి పిలిచారు. మేం మాంసం, చేప, గుడ్డు ముట్టం. తినకపోతే అవమానంగా తీసుకుంటారేమో అని భయంగా ఉంది. తినకుండా ఎలా మెచ్చుకోవాలి? - ఓ తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు అభినందనలు. మీ భయం నాకు అర్థమైంది, కానీ దాన్ని భోజనం బల్ల దాకా తీసుకెళ్ళకండి, ఇక్కడే తీర్చుకుని వెళ్ళండి. మీ అబ్బాయి ద్వారా, ఇంకా మంచిది ఆ అమ్మాయి ద్వారా, ఇప్పుడే చెప్పించండి. ఏమేం తినరో, ఎందుకు తినరో. ‘వెజిటేరియన్’ అని ఊరికే చెబితే చాలదు. కొరియా వంటలో పైకి కనిపించని చేప చాలా ఉంటుంది. కిమ్‌చిలో ఉప్పులో ఊరిన రొయ్యలో చేపల రసమో వేస్తారు, సూప్‌లకీ పులుసులకీ ఎండు నెత్తళ్ళు మరిగించిన నీళ్ళు పోస్తారు. అవి వాళ్ళకి మాంసం లెక్కలోకి రావు, మనం ఉప్పుని మాంసం అనుకోనట్టే. కాబట్టి ‘చేపల రసం, నెత్తళ్ళు, రొయ్యలు, గుడ్డు కూడా వద్దు’ అని విడమరిచి చెప్పాలి. ఆఖరి నిమిషంలో బల్ల ముందు చెబితే పాపం ఆ తల్లి రెండు రోజుల కష్టం ఏమైపోవాలి? ముందే చెబితే ఆమె సంతోషంగా చేస్తుంది, ఎందుకంటే కొరియాలో కూరగాయల వంటకి కొదవేం లేదు. బౌద్ధ ఆలయాల వంట అని పెద్ద సంప్రదాయమే ఉంది, అందులో మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి జాతివి కూడా వేయరు. మన ఇళ్ళల్లో పూజల రోజుల వంట లాగా. ఆలయ వంటలా అని ఒక్క మాట చెబితే వాళ్ళకి వెంటనే బోధపడుతుంది.

మీ బల్ల మీద నాముల్ అనే వేపుళ్ళు, ఉడికించిన ఆకుకూరలు ఉంటాయి. పాలకూరది ‘షిగుమ్‌ఛి నాముల్’, కొండల్లో దొరికే ఒక లేత చిగురుది ‘కోసారి’, తెల్లటి వేరుది ‘తోరాజి’. నువ్వుల నూనె, నువ్వులు వేసి చేత్తో కలుపుతారు. ఆ చేత్తో కలపడంలోనే రుచి ఉందని వాళ్ళ నమ్మకం, మనం ఆవకాయ గురించి అనుకున్నట్టే. మీకు మాట అడ్డం వస్తే ఇదొక్కటి చాలు, ‘కోసోహానెయో’, కమ్మగా ఉందండీ. పాలకూర చూపించి ఆ మాట అని, మళ్ళీ కాస్త వడ్డించుకున్నారంటే ఆ పూటకి మీరు నెగ్గినట్టే. ఆమె ‘ఇబె మాజుసెయో?’ అని అడగవచ్చు, నోటికి హితవుగా ఉందా అని. ‘నే, ఇబె చల్ మాజాయో’ అనండి. ఇక్కడ ‘నే’ అంటే అవును, కాదు అని కాదు, మనవాళ్ళు చాలామంది ఇక్కడ తికమక పడతారు.

ఎవరైనా తెలియక ఏదైనా వడ్డించబోతే ‘అన్ మొగొయో’ అనకండి, తినను అని ముఖం మీద చెప్పినట్టుంటుంది. ‘మోన్ మొగొయో’ అనండి, తినలేనండీ అని. ఒక్క అక్షరం తేడా, మెత్తగా ఉంటుంది. ఎందుకని అడిగితే ‘చోంగ్యో త్తెమునెయో’, మా మతాచారం వల్లనండీ అంటే ఇంకెవరూ బలవంతం చేయరు.

మీవారు గానీ ఎదుటి ఆయన గానీ పోసే పానీయం విషయం కూడా చెబుతాను. పెద్దవాళ్ళు పోస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి, తాగకపోయినా సరే పట్టుకోవాలి. లోపల కూల్‌డ్రింక్ ఉన్నా, మంచినీళ్ళున్నా మర్యాదకి లోటు రాదు.

సాధారణంగా పెళ్ళి మాటలకి రెండు కుటుంబాలూ మొదట కలిసే సందర్భం హోటల్లో విడి గది తీసుకుని జరుపుకుంటారు. మిమ్మల్ని ఏకంగా ఇంటికి పిలిచారంటే, అమ్మాయి తల్లి తన చేత్తో పెట్టాలనుకుంటోంది. కాబట్టి మీ రెండు కొరియన్ వాక్యాల తర్వాత హాయిగా తెలుగులో చెప్పండి, మీ కోడలో కొడుకో తర్జుమా చేస్తారు. వాళ్ళ భాషలో వియ్యంకుల వరసకి ‘సాదోన్’ అని మాటుంది, మన దగ్గరా ఉంది, ఇంగ్లీషులో లేదు. మీ ఇద్దరి మధ్య ఆ మాటకి ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. ఇక్కణ్ణుంచి వెళ్ళేటప్పుడు సున్నుండలో అరిసెలో పట్టుకెళ్ళండి. అరిసెలకి నువ్వులద్దండి, వాళ్ళకి ఆ రుచి బాగా తెలుసు.

*

ప్రశ్న: కంపెనీ నన్ను ఉల్సాన్‌కి ట్రైనింగ్‌కి పంపుతోంది. రాత్రిళ్ళు టీమ్ అంతా కలిసి డిన్నర్‌కి వెళ్తారట, మా డిపార్ట్‌మెంట్ హెడ్ బిల్లు కడతారట. నా వాటా నేను ఇవ్వాలా? ఏమనాలి? - ఇంజినీరు, చెన్నై

జవాబు: ‘హ్వేషిక్’ అంటారు దాన్ని. పెద్దాయన కడుతున్నారంటే పర్సు తీయకండి, అక్కడ లెక్కలు పంచుకోవడం మొదలుపెడితే ఆయన్ని తక్కువ చేసినట్టు. మీరివ్వాల్సింది మాటే. కూర్చున్నాక ఆయన వైపు చూసి ‘పుజాంగ్‌నిమ్, చల్ మొక్కెస్సుమ్‌నిదా’. పుజాంగ్‌నిమ్ అంటే డిపార్ట్‌మెంట్ హెడ్ గారు, పేరుతో పనిలేదు. బిల్లు కట్టి బయటికి రాగానే ‘తొక్పునె చల్ మొగొస్సుమ్‌నిదా’, మీ దయవల్ల బాగా తిన్నానండీ. మర్నాడు పొద్దున ఆఫీసులో కనపడగానే ‘ఒజె చల్ మొగొస్సుమ్‌నిదా’, నిన్న బాగా తిన్నానండీ. ఈ మూడోదే చాలామంది మర్చిపోతారు, మంచి పేరు తెచ్చేది కూడా అదే.

మాంసం బల్ల మీదే కాలుస్తారు, పటకారు అందరికంటే చిన్నవాళ్ళ చేతికి వస్తుంది, మీకు తిప్పడం రాకపోయినా ఒకసారి చెయ్యి చాచండి, వాళ్ళే లాక్కుంటారు. గొడ్డుమాంసం తినకపోతే ‘సోగోగిరుల్ మోన్ మొగొయో’ అని ముందు రోజే టీమ్‌లో ఎవరికైనా చెప్పి ఉంచండి. మందు తాగేవాళ్ళయితే పెద్దవాళ్ళ ఎదుట తల పక్కకి తిప్పి తాగాలి, తాగనివాళ్ళయితే ‘సురుల్ మోన్ మాషొయో’. రెండో రౌండు వరకూ ఎవరూ వదలరని భయపెడతారు గానీ, ఇప్పుడు మునుపటి బలవంతం లేదు.

మీ సొంత డబ్బులతో హోటల్లో తిన్నా బయటికి వచ్చేటప్పుడు యజమానికి చల్ మొగొస్సుమ్‌నిదా చెప్పే రావాలి. అక్కడ టిప్పు ఇచ్చే అలవాటు లేదు, ఆ మాటే టిప్పు. వడ్డించే ఆవిడని డ్రామాల్లో ‘ఇమో’, అంటే పిన్నీ అని పిలుస్తారు చూశారా, అది కొందరికి నచ్చుతుంది, కొందరికి నచ్చదు. కొత్తవాళ్ళు ‘సాజాంగ్‌నిమ్’ అంటే చాలు, ఓనర్ గారూ అని, ఎవరూ నొచ్చుకోరు.

*

ప్రశ్న: మాకు పెనుకొండ దగ్గర చిన్న మెస్ ఉంది. కొరియా వాళ్ళు కొందరు మధ్యాహ్నం వస్తారు, చపాతీ, పప్పు, గుడ్డు కూర తింటారు. పోయేటప్పుడు తల వంచి ఏందో పొడుగ్గా అంటారు, నాకు అర్థం కాక నవ్వి ఊరుకుంటాను. ఏమంటున్నారు అక్కా? నేను తిరిగి ఏమనాలి? - ఓ సోదరి, పెనుకొండ

జవాబు: ఈ ఉత్తరం చదివి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను చెల్లీ. ఆ పొడుగు మాట చల్ మొగొస్సుమ్‌నిదా అయ్యుంటుంది. ఇంతసేపూ మిగతావాళ్ళకి నేర్పుతున్నది అదే, నీకు రోజూ ఊరికే వచ్చేస్తోంది. నీ వంట బాగా తిన్నామమ్మా అంటున్నారు.

2019లో కియా ఫ్యాక్టరీలో కార్ల ఉత్పత్తి మొదలైన దగ్గర్నుంచి మీ వైపు కొరియన్ హోటళ్ళు, బోర్డులు వచ్చాయి, వాళ్ళ తిండి వాళ్ళకి దొరుకుతుంది. అయినా నీ దగ్గరికి వచ్చి పప్పు తింటున్నారంటే మర్యాదకి కాదు, నచ్చే.

వాళ్ళు వచ్చి కూర్చోగానే ‘ఒసొ ఓసెయో’ అను, రండి రండి అని. ప్లేటు పెట్టి ‘మాషిక్కె దుసెయో’, రుచిగా తినండి. మారు వడ్డించేటప్పుడు ‘తొ దుసెయో’, ఇంకొంచెం తినండి. పోయేటప్పుడు వాళ్ళు తల వంచితే నువ్వూ కొంచెం వంచి ‘కాంసాహమ్‌నిదా, త్తో ఓసెయో’, సంతోషమండీ, మళ్ళీ రండి. ‘మొగొ’ అని మాత్రం అనకు, తిను అన్నట్టుంటుంది, పెద్దవాళ్ళకి ‘దుసెయో’నే. నీకంటే పెద్దాయన ఎవరైనా పొద్దున్నే ఎదురుపడితే ‘షిక్సా హాషొస్సొయో?’ అని అడుగు, భోంచేశారా అండీ అని. మనూళ్ళో లాగే అక్కడా అది పలకరింపే, నిజంగా తినకపోయినా తిన్నాననే అంటారు.

వాళ్ళు అన్నం చేత్తో తినడానికి తడబడితే చెంచాలు పొడుగు కాడవి కొని పెట్టు, చాప్‌స్టిక్స్ కోసం వెతకనక్కర్లేదు. నీళ్ళు చల్లవి ఇవ్వు, అక్కడ చలికాలంలో కూడా హోటళ్ళలో చల్లనీళ్ళే ముందు తెచ్చి పెడతారు. గుడ్డు కూరలో కారం తగ్గించకు, అడిగితేనే తగ్గించు.